అక్కకు చెప్పని కబురు

చిన్న సిస్టర్ అంటే వయసులో చిన్నదని కాదు. నలభై దాటింది. మెట్లు చూస్తే మోకాళ్ళు పేచీ పెడుతున్నాయి. చెవుల పక్కన తెల్లవెంట్రుకలు దాక్కోవడం మానేసి ఏనాడో బయటపడ్డాయి. అయినా ఆ ఆస్పత్రిలో ఆమె చిన్న సిస్టరే. అక్కడ రిజిస్టర్డ్ నర్సులను పెద్ద సిస్టర్లని, చిన్న సర్టిఫికెట్టుతో పనిచేసే ప్రాక్టికల్ నర్సులను చిన్న సిస్టర్లని అంటారు. నిన్నగాక మొన్న కాలేజీ గడప దాటి వచ్చిన పిల్లయినా సరే, పేరు పక్కన రిజిస్ట్రేషను ముద్ర ఉంటే పెద్ద సిస్టరే. ముద్ర లేనివాళ్ళు జుట్టు నెరిసినా, నడుం వంగినా చిన్నవాళ్ళే. ఈ లోకంలో మనిషి కంటే ముద్రే ఎత్తు. అది ఒప్పుకోవడానికి కొందరికి సగం జీవితం పడుతుంది. కొందరు ఒప్పుకోకుండానే పోతారు.

ఒప్పుకోకుండా పోయినవాళ్ళలో చిన్న సిస్టర్ వాళ్ళక్క ఒకతె.

ఆవిడా అదే వార్డులో చిన్న సిస్టరే. ప్రాక్టికల్ నర్సులు రిజిస్టర్డ్ నర్సులు కావడానికి బ్రిడ్జి కోర్సు అని ఒకటుంది. అక్క దానికి ఏటా అప్లికేషను పెట్టేది. ఒక ఏడు ఫోటో వెనకాల రంగు సరిగ్గా లేదన్నారు. ఇంకో ఏడు, చదివిన స్కూలే మూతపడింది కాబట్టి చదువు చెల్లదన్నారు. మరో ఏడు అన్నీ బాగున్నాయి గానీ సీట్లు అయిపోయాయన్నారు. అక్క తిట్టుకుంటూ వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూనే వచ్చే ఏటి సంగతి ఎత్తేది. చివరిసారి అప్లికేషను నింపుకున్న వారంలోనే, వార్డులో పక్కలు మారుస్తూ మారుస్తూ గుండె పట్టుకుని ఖాళీ బెడ్డు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. అది జరిగి ఏడాది దాటింది.

ఏడాది దాటినా, రోజూ పొద్దున బస్సులో చిన్న సిస్టర్ పక్క సీట్లోకి వచ్చి, "కొంచెం జరగవే మహారాణీ" అంటుంది.

ఇదెలా మొదలైందో తెలియాలంటే ముందు ఆ వార్డులో ఉన్న ఒక అలవాటు తెలియాలి.

మనిషి పోయాక ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి, కింది గదికి పంపడం చిన్న సిస్టర్ల పని. డాక్టరు టైము రాస్తాడు, పెద్ద సిస్టర్ సంతకం పెడుతుంది, నీళ్ళ బకెట్టు మాత్రం చిన్న సిస్టర్లదే. కడుగుతున్నంతసేపూ ఆ మనిషితో మాట్లాడుతూ ఉండాలి. "ఇటు తిప్పుతున్నానండీ", "నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయండీ" అంటూ. అంతా అయ్యాక నుదుటి మీద చెయ్యి పెట్టి కబురు చెప్పాలి. "మీరు చనిపోయారండీ. ఇక్కడ మీకిక పని లేదు." ఏ పుస్తకంలోనూ లేని పని ఇది. పాత చిన్న సిస్టర్లు కొత్త చిన్న సిస్టర్లకు నేర్పుకుంటూ వచ్చారు. చెప్పకపోతే ఆ మనిషికి తెలియదంటారు. నిజమే మరి, ఎవరూ చెప్పకుండా ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఒకసారి మూల బెడ్డు మీది రిటైరైన పోస్టుమాస్టరుకు కబురు చెప్పడం ఓ కొత్తపిల్ల మరిచిపోయింది. ఇక చూడండి, ఖాళీ బెడ్డు బెల్లు ఒకటే మోత. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు ఊడబీకాడు. ఊడబీకాక కూడా మోగింది. అతను పట్టకారు అక్కడే పారేసి, మళ్ళీ ఆ అంతస్తు వైపు చూడలేదు. చివరికి అక్కే వెళ్ళి దుప్పటి సర్ది, "పోస్టుమాస్టరుగారూ, మీరు చనిపోయారండీ. మా కొత్తపిల్ల చెప్పలేదు, ఏమీ అనుకోకండి" అంది. బెల్లు ఆగిపోయింది. పెద్ద సిస్టర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకున్నారే గానీ, ఆ తరవాత ఎవరు పోయినా గుమ్మంలో నిలబడి "అదే... ఆ మాటేదో చెబుతారుగా, చెప్పేశారా?" అని వాకబు చేసేవారు.

అంత నేర్పిన అక్కకు కబురు చెప్పే వంతు చెల్లెలికొచ్చింది.

అందర్నీ బయటికి పంపి, తలుపు మూసి, ఒక్కతే కడిగింది. గోళ్ళు కత్తిరించింది. తల చిక్కు తీసింది. "జడ గట్టిగా వెయ్యమంటావా, వదులుగానా?" అని అడిగింది. నుదుటి మీద చెయ్యి కూడా పెట్టింది. నోరు తెరిచింది. అంతే. నాలుక రాయైపోయింది. ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషికి, మొగుడు వదిలేసిపోయినప్పుడు "నా ఇంట్లో ఇంకో కంచం పెట్టలేనా" అన్న మనిషికి, నువ్వు పోయావని చెప్పడం ఎలా? రేపు చెబుతాలే అనుకుంది. అప్పు అడగడానికి వెళ్ళి వాతావరణం గురించి మాట్లాడి వచ్చేసినవాళ్ళలాగా, చెయ్యి తీసేసి బయటికొచ్చింది.

చావు తంతు అయిపోయి, తిరిగి డ్యూటీకి బయల్దేరిన పొద్దున బస్సులో అక్క పక్కకొచ్చి కూర్చుంది. "నా డబ్బా కూడా తెచ్చావా, నీదొక్కటే తెచ్చుకున్నావా?" అంది.

చిన్న సిస్టర్‌కి భయం వెయ్యలేదు. వేస్తే బాగుండేది. సిగ్గులేకుండా సంతోషం వేసింది.

అప్పట్నుంచీ అక్క వస్తూనే ఉంది. తినదు, తినలేదని గమనించదు. వార్డులో తన వెనకే తిరుగుతుంది, దుప్పటి మూల సరిగ్గా మడవలేదని దెప్పుతుంది. ఎవరూ పలకరించకపోతే "కొమ్ములొచ్చాయి అందరికీ" అంటుంది. అద్దం ముందు మాత్రం నిలబడదు. ఒక్కోసారి మాట మధ్యలో ఆగి, ఏదో మరిచిపోయినట్టు గోడకేసి చూస్తుంది. ఆ చూపు మాత్రం చిన్న సిస్టర్ చూడలేకపోయేది. గబగబా ఇంకేదో మాట అందించేది.

అలాగే గడిచిపోయేదేమో. కానీ ఆస్పత్రివాళ్ళు గోడకి ఒక కాగితం అంటించారు. ఇక మీదట వార్డుల్లో రిజిస్టర్డ్ నర్సులు మాత్రమే ఉంటారట. ప్రాక్టికల్ నర్సులు బ్రిడ్జి కోర్సులో చేరితే సరి, లేదంటే దుప్పట్లు మడిచే గదికి మారుస్తారట. పాత సర్టిఫికెట్లవాళ్ళకి ఇదే ఆఖరి అవకాశమట. పేషెంట్లను ముట్టుకుని బతికిన చేతులు ఇక గుడ్డలు మడుస్తూ ముసలివైపోవాలన్నమాట. ఎవరో ఏసీ గదిలో కూర్చుని ఒక గీత గీస్తారు, ఆ గీత సరిగ్గా మన నడుం మీదుగా పోతుంది.

చిన్న సిస్టర్ అప్లికేషను పెట్టింది. హెడ్ సిస్టర్ సిఫారసు ఉత్తరం రాసిచ్చింది. హెడ్ సిస్టర్ ఈమె కంటే చిన్నదే, కానీ మనిషి మంచిది. ముద్ర ఉన్నా తలకెక్కనివాళ్ళు అక్కడక్కడ తగులుతుంటారు.

"పిలుపొచ్చింది" అని చిన్న సిస్టర్ ఇంట్లో చెప్పినప్పుడు, బావ మిషను ఆపి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. బావ టైలరు. ఆస్పత్రి యూనిఫాంలు కుట్టేది ఆయనే.

"అయితే మరదలుగారు ఇంక పెద్ద సిస్టరన్నమాట! కొలతలు మళ్ళీ తీసుకోవాలేమో. తల పెద్దదవుతుంది కదా, టోపీ పట్టదు."

"ముందు నీ బొజ్జకి చొక్కా కుట్టుకో బావా, బొత్తాలు ఏడుస్తున్నాయి."

"ఈ బొజ్జ మీ అక్క వంట చలవే. నన్నంటావేం?"

ఆ మాటకి ఇద్దరూ ఒక్కక్షణం ఆగారు. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్న అక్క మాత్రం ఆగలేదు. మొహం వెలిగిపోతోంది.

"వచ్చిందా? ఈసారైనా పిలిచారా నన్ను? చూశావా, నేను చెప్పలేదూ? ఫోటో మార్చానుగా ఈసారి!"

చిన్న సిస్టర్ గ్లాసు కడుగుతూ అలాగే నిలబడిపోయింది. నీళ్ళు పొంగి చేతి మీదుగా పోతున్నాయి.

అక్కకి తను పోయానని తెలియదు. అప్లికేషను నింపానని మాత్రం గుర్తుంది. వచ్చిన పిలుపు తనదే అనుకుంటోంది.

కాదని చెప్పాలంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ మాట చెప్పాలి. చిన్న సిస్టర్ గ్లాసు బోర్లించి, "ఆఁ, పిలిచారు" అంది.

"ఎవర్ని?" అన్నాడు బావ, దారం నోట్లో తడుపుకుంటూ. ఇప్పుడే చెప్పింది కదా, మళ్ళీ అడుగుతాడేమిటి అనుకుంది. మిషను మోతలో బతికి బతికి ఆయనకి చెవులు మందగించాయిలే అని సరిపెట్టుకుంది.

కోర్సులో సీటుకి పెట్టే పరీక్ష ఎలా ఉంటుందో హెడ్ సిస్టర్ వాకబు చేసి చెప్పింది. "కట్టు కట్టడం, మందు మోతాదు లెక్క, ఇవి మీకు మంచినీళ్ళు తాగినంత తేలిక. మూడోది ఉందే, దాంతోనే వచ్చింది చిక్కు. ఒక గదిలో ఒకరు పేషెంటు బంధువులాగా నటిస్తారు. ఆ పేషెంటు పోయారని మీరు వాళ్ళకి చెప్పాలి."

"నేనా?"

"మరి పెద్ద సిస్టర్ అవుతున్నారుగా!"

చిన్న సిస్టర్లు బంధువులకి చావు కబురు చెప్పకూడదు. అది రూలు. కళ్ళెదుట ప్రాణం పోయినా, తలుపు బయట కొడుకు చొక్కా పట్టుకుని అడిగినా, చిన్న సిస్టర్ నోట ఒకటే మాట రావాలి. "పెద్ద సిస్టర్ వచ్చి మాట్లాడతారండీ." ఇన్నేళ్ళూ ఆ మాటే అని, ఆ మాట వెనకే దాక్కుని పని చేసుకుంది. పోయినవాళ్ళకి చెప్పడం వచ్చు. ఉన్నవాళ్ళకి చెప్పడం రాదు.

"ఒకసారి చేసి చూద్దాం" అని హెడ్ సిస్టర్ మధ్యాహ్నం స్టోరు గదిలో ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది. "నేను కూతుర్ని. మా నాన్న ఎలా ఉన్నాడు సిస్టర్?"

చిన్న సిస్టర్ ఎదురుగా కూర్చుంది. "అమ్మా, మీ నాన్నగారు... పెద్ద సిస్టర్ వచ్చి మాట్లాడతారండీ."

హెడ్ సిస్టర్ ఫక్కున నవ్వింది. "మీరే పెద్ద సిస్టర్! ఇంకెవరూ రారు. మళ్ళీ."

"మీ నాన్నగారు మనకిక లేరమ్మా."

"అలా కుదరదు. 'లేరు' అంటే ఎక్కడికెళ్ళారని అడిగే బంధువులుంటారు. కాలం చేశారు, కన్నుమూశారు, దక్కలేదు, వెళ్ళిపోయారు, ఇలాంటివేవీ వాడొద్దు. చనిపోయారు అనాలి. ఆ ఒక్కమాటకే మార్కులు."

చిన్న సిస్టర్ గొంతు సవరించుకుంది. ఉతికిన దుప్పట్ల మూట మీద కూర్చున్న అక్క ముందుకు వంగింది.

"ఎవరే? ఎవరు పోయారు?"

అదేదో పక్కింటి సంగతి అడిగినట్టే అడిగింది. కానీ కళ్ళలో ఆ పాత చూపు కదిలింది, మాట మధ్యలో గోడకేసి చూసే చూపు. ఆ మాట తన నోట్లోంచి బయటపడితే, అది ఈ గదిలో తిన్నగా ఎవరి దగ్గరికెళ్ళి వాలుతుందో చిన్న సిస్టర్‌కి అర్థమైపోయింది. చెప్పాల్సినరోజున చెప్పని కబురు అది. ఏడాదిగా గొంతులోనే కూర్చుంది. ఎవరి పేరు మీద బయటికి తీసినా అక్కదే అవుతుంది.

"నా వల్ల కాదు సిస్టర్" అంది.

"రెండు పరీక్షల్లో గట్టెక్కి దీంట్లో పోగొట్టుకుంటారా? ఇదొక్కటి తప్పినా సీటివ్వరు. ఇంటికెళ్ళి గోడకి చెప్పుకోండి, చెట్టుకి చెప్పుకోండి, నోరు తిరగాలి."

గోడకి చెబుదామన్నా అక్క అక్కడే ఉంటుంది కదా.

పరీక్ష రోజు పొద్దున చిన్న సిస్టర్ నయాన చెప్పి చూసింది. "అక్కా, ఇవాళ నువ్వు ఇంట్లో ఉండవే. నడుం నొప్పి అన్నావుగా."

"నాకేం నడుం నొప్పి? ఈమధ్య ఒళ్ళే తెలియడం లేదు, దూదిలా ఉంది. అయినా నా ఇంటర్వ్యూకి నేను రాకుండా నువ్వొక్కదానివీ పోతావా? భలే దానివే!" అని, అక్క ముందే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

కాలేజీ పాత భవనం. నడవా పొడుగునా బెంచీలు. బెంచీల మీద అన్ని ఆస్పత్రుల చిన్న సిస్టర్లు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరిగిన చెప్పులు బెంచీ కిందికి లాక్కుని, బడిలో తప్పు చేసిన పిల్లల్లా కూర్చున్నారు. పక్కనున్నావిడ, "మా మనవరాలు హోంవర్కు చేయించింది నాతో" అని చెప్పి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కట్టు కట్టే గది, లెక్కల గది ఇట్టే అయిపోయాయి. చివరి గది తలుపు మీద ఏమీ రాసిలేదు.

లోపల గోడవారగా ఇద్దరు పరీక్షకులు బల్ల వెనక కూర్చున్నారు. ఒకాయన బట్టతల, ఇంకొకావిడ మెడలో గొలుసుతో ఆడుకుంటోంది. గది మధ్యలో మూడు కుర్చీలు. ఒకదాంట్లో చేతిరుమాలు పట్టుకుని నటించే ఆవిడ కూర్చుంది. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఆవిడ ముక్కు నిజంగానే ఎర్రబడింది. ఆవిడ పక్క కుర్చీలో, ఎవరూ చెప్పకుండానే, అక్క వెళ్ళి కూర్చుంది. జడ ముందుకు వేసుకుని సర్దుకుంది. ఫలితం చెప్పేది ఇక్కడే అనుకున్నట్టుంది.

"ఆవిడ తల్లి పోయింది. మీరు వార్డు సిస్టర్. మొదలుపెట్టండి" అన్నాడు బట్టతలాయన.

చిన్న సిస్టర్ మూడో కుర్చీలో కూర్చుంది. పేరు చెప్పుకుంది. "మీరొక్కరే వచ్చారామ్మా?" అని అడిగింది. అంతవరకు బాగానే జరిగింది.

"మా అమ్మ ఎలా ఉంది సిస్టర్?" అంది నటించే ఆవిడ.

"అమ్మా... మీకొక విషయం చెప్పాలి. పెద్ద..."

'పెద్ద' దగ్గర నాలుక కరుచుకుంది. పక్కన అక్క తనకేసే చూస్తోంది. ఇన్నేళ్ళ ఆశ ఆ మొహంలో ఉంది. పెళ్ళిచూపులప్పుడు కూడా అక్క అంత ఆశగా కూర్చోలేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, పరీక్షకురాలి గొలుసు చప్పుడాగింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. దుప్పట్ల గదిలో అక్కతో కబుర్లు చెప్పుకుంటూ, దుప్పట్లు మడుస్తూ, రోజూ బస్సులో పక్కపక్కన కూర్చుని వస్తూ బతికెయ్యచ్చు. ఆ బతుకేం తక్కువ? చిన్న సిస్టర్ కాళ్ళు లేవడానికి సిద్ధమయ్యాయి కూడా.

అక్కకి చిర్రెత్తింది.

"చెప్పవే! ఎందుకలా నీళ్ళు నములుతావ్? ఆ పిల్ల ప్రాణం గిలగిల్లాడుతోంది చూడు. చెప్పాల్సింది చెప్పకుండా ముందు కూర్చోబెట్టి చంపుతావా? నేనైతే ఈపాటికి చెప్పేసి, మంచినీళ్ళు కూడా ఇచ్చి ఉందును!"

చిన్న సిస్టర్ తలెత్తింది. నటించే ఆవిడ భుజం మీదుగా, పక్క కుర్చీకేసి చూసింది.

"చనిపోయారు" అంది.

గదిలో ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నటించే ఆవిడ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం కదల్లేదు. ముందు నటించే ఆవిడకేసి చూసింది. తరవాత తన చేతులకేసి చూసుకుంది. గోళ్ళు చూసుకుంది. ఏడాదిగా పెరగని గోళ్ళు.

"ఎప్పుడు?" అంది నటించే ఆవిడ రుమాల్లోంచి.

"ఎప్పుడే?" అంది అక్క.

"పొద్దున పూట" అంది చిన్న సిస్టర్. "నేను పక్కనే ఉన్నాను. గుండె ఆగిపోయింది. ఎక్కువసేపు బాధపడలేదు. ఒంటరిగా లేదు. నేనే ఒళ్ళు కడిగాను. తల దువ్వి జడ వేశాను."

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అంది నటించే ఆవిడ. ఆవిడకిచ్చిన మాటల్లో అదొకటి.

అక్క ఆ ప్రశ్న కళ్ళతోనే అడిగింది.

"నోరు రాలేదు" అంది చిన్న సిస్టర్. "క్షమించు."

పరీక్షకురాలు ఏదో రాసుకుంది. నటించే ఆవిడ రుమాలు కొంచెం దించి, ఇది తనకిచ్చిన కాగితంలో లేదే అన్నట్టు చూసింది.

అక్క లేచింది. అక్క మంచిదే గానీ దేవత కాదు. దీవించలేదు, కౌగిలించుకోలేదు. ఆ గదిని, బల్లను, పరీక్షకుల కాగితాలను కలియజూసింది. ఈ గది దాకా రావడానికి ఎన్నేళ్ళు తిరిగిందో అంతా మొహంలో కనబడింది.

"అయితే ఆ పిలుపు నీదన్నమాట" అంది. "నన్ను వెంటబెట్టుకొచ్చి మరీ నా కుర్చీ లాక్కుంటున్నావన్నమాట. దొంగముండా."

తలుపు తెరుచుకున్నట్టు లేదు. అక్క మాత్రం లేదు.

"చివర్లో క్షమించమని అడగడం, ఏకవచనంలో మాట్లాడటం పనికిరావు. మనం ఆస్పత్రి తరఫున మాట్లాడుతున్నామని మరవకూడదు" అన్నాడు బట్టతలాయన. "అది తప్పిస్తే చాలా సహజంగా చెప్పారు."

మధ్యాహ్నం దాటాక నడవాలోకి వచ్చి సీటొచ్చినవాళ్ళను పిలిచారు. చిన్న సిస్టర్‌ను పిలిచారు. హోంవర్కు చేసుకొచ్చినావిడను పిలవలేదు. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "మీ అదృష్టం బాగుందమ్మా" అంది, ఏ కుళ్ళూ లేకుండా.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్క సీటు ఖాళీగా ఉంది. ఒక లావుపాటాయన సంచీతో సహా వచ్చి అందులో కూలబడ్డాడు. "అక్కడ మనిషి..." అనబోయి ఊరుకుంది. ఆయన దిగేదాకా కురుస్తున్న వానకేసి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి బావ కాలరు కుడుతున్నాడు. చిన్న సిస్టర్ మొహం చూసి మిషను ఆపాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"అబ్బో! అబ్బో!" బావ లేచి, గదిలో అటూ ఇటూ తిరిగి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు మళ్ళీ కుర్చీలోనే కూర్చున్నాడు. "చూశావా మరదలా, మన గడపలోంచి ఒక పెద్ద సిస్టర్ వెళ్తుందన్నమాట ఇక!" అని, గుమ్మం పక్కనున్న స్టూలుకేసి తిరిగి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వీధిలోకి తొంగిచూశాడు.

"మీ అక్కేది? పొద్దున నీతోనే వెళ్ళిందిగా?"

చిన్న సిస్టర్ తడిసిన సంచీ కింద పెట్టబోయి, తలెత్తి బావకేసి చూసింది.

"ఏంటా చూపు? నాకు తెలీదనుకున్నావా?" బావ గొంతు తగ్గించాడు, ఎవరికో వినబడుతుందన్నట్టు. "ఆ రోజు నువ్వు గదిలోంచి బయటికొచ్చినప్పుడే నీ మొహం చూసి తెలుసుకున్నా, కబురు చెప్పలేదని. సాయంత్రాలు ఆ స్టూలు మీద కూర్చుంటుంది. నన్ను తిడుతుంది, నేను వింటాను. పైకి మాట్లాడితే నీకెక్కడ గుర్తొచ్చి చెప్పేస్తావోనని నోరు మూసుకున్నా. లోపల్లోపల నీకు దండం పెట్టుకోని రోజు లేదు మరదలా. వానగా ఉంది కదా, బస్సు దిగి ఎక్కడైనా ఆగిందా?"

ఎన్ని మాటలున్నాయో చిన్న సిస్టర్‌కి తెలుసు. ఆగింది అనచ్చు. వస్తుంది అనచ్చు. వెళ్ళిపోయింది అన్నా ఇవాళ్టికి గడుస్తుంది. తను చెప్పకపోతే వచ్చి చెప్పేవాళ్ళెవరూ లేరు.

"బావా" అంది. "అక్క చనిపోయింది."

బావ చేతిలోని కాలరును మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"సీటు కోసమా?"

కాదని చెబితే అబద్ధం, అవునని చెబితే సగమే నిజం.

"రేపెళ్ళి వద్దని చెప్పెయ్" అన్నాడు బావ. గబగబా అన్నాడు, ఇప్పుడే ఉపాయం తోచినట్టు. "నాకొద్దు, ఇది మా అక్కదే అని చెప్పెయ్. సీటు తనకిస్తే వస్తుందేమో. తను అడిగిందల్లా అదొక్కటేగా! దుప్పట్లు మడుస్తే ఏం పోయింది? నేను కుట్టడంలే గుడ్డలు? నేను బతకడంలే?"

"రాదు బావా."

"నీకేం తెలుసు?"

"చనిపోయింది. ఇక రాదు."

రెండోసారి ఆ మాట అనడం తేలికేమీ కాలేదు. ఆమె స్టూలు లాక్కుని బావకి ఎదురుగా కూర్చుంది. మంచినీళ్ళివ్వాలని, భుజం మీద చెయ్యి వెయ్యాలని హెడ్ సిస్టర్ చెప్పినవేవీ గుర్తు రాలేదు. బావ ఏడుస్తాడనుకుంది. తిడతాడనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని, ఏడాదిగా అడగని మాట అడిగాడు.

"ఆ బెడ్డు మీద కూర్చున్నప్పుడు... చివర్లో ఏమైనా అందా?"

అబద్ధం ఆడటానికి అంతకన్నా మంచి సమయం రాదు. బావ జాగ్రత్త అంది అని చెబితే చాలు, ఆ మనిషి ఆ ఒక్కమాట మీద మిగతా బతుకంతా వెళ్ళదీస్తాడు.

"అంది" అంది చిన్న సిస్టర్. "నీ సంగతేం అడగలేదు బావా. నా సంగతీ అడగలేదు. 'అప్లికేషను ఆఖరు రోజెప్పుడే?' అంది."

బావ ఆమెకేసే చూశాడు. గొంతులో ఏదో గరగరలాడింది. ఏడుపనుకుని ఆమె ముందుకు వంగింది. ఏడుపు కాదు.

"అదీ మీ అక్కంటే" అంటూ నవ్వుతున్నాడు. "అదీ అదంటే. కట్టుకున్నవాణ్ణి, ఒక్కమాట..." అని, కాలరు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కుదుపుతూ, చాలాసేపు అలా నవ్వుతూనే ఉన్నాడు. అది నవ్వు కాకుండా పోయాక కూడా చిన్న సిస్టర్ లేవలేదు.